ఇడ్లీ అడుగున రెండు బొడిపెలు

పోయిన ఆదివారం చెల్లి ఫోన్ చేసింది. తను ప్లెయిన్స్‌బరోలో ముగ్గురు స్నేహితురాళ్ళతో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటూ ఇంటర్న్‌షిప్ చేస్తోంది. నేను ఉండేది దేశానికి ఇంకో కొసన, ఫ్రీమాంట్‌లో. మామూలుగా మా ఇద్దరి మధ్య మెసేజ్‌లే నడుస్తాయి కాబట్టి, ఫోన్ మోగగానే ఏదో పని పడిందనుకున్నాను.

"అన్నా, ఒక వీర్డ్ క్వశ్చన్. ఇడ్లీ తినే ముందు తిప్పి చూస్తాం కదా. అందరూ చూడరా?"

చూడరని చెప్పాను.

ఆ పొద్దున టిఫిన్‌కి వెళ్ళినప్పుడు తను ప్రతి ఇడ్లీనీ తిరగేసి అడుగు చూసుకుని తింటోందని స్నేహితురాళ్ళు పట్టుకున్నారట. ఏం వెతుకుతున్నావే అని అడిగారట. "ఇలాగే తింటారు అని చెప్పాను. దే లాఫ్డ్, అన్నా. అమ్మ కూడా చూస్తుంది. నాన్న, నువ్వు, అందరూ చూస్తారు. ఎందుకు?"

వీలు చూసుకుని చెప్తానన్నాను. ఫోన్‌లో చెబితే ముందుది వెనక, వెనకది ముందు చెప్పేస్తాను. వరసగా రాయడమే నాకు చేతనైన పని.

ఈ అలవాటు మొదలైనప్పుడు మేం ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. నేను ఎలిమెంటరీ స్కూల్ చివరి క్లాసుల్లో ఉన్నాను. నాన్న కార్ల విడిభాగాలు పోత పోసే కంపెనీలో ఇంజనీరు. ఆయన బట్టలకి కూలెంట్ నూనె వాసన ఉండేది. పక్కింట్లో ఒక పెద్దాయన, ఆయన భార్య ఉండేవాళ్ళు. ఆయనదీ ఒకప్పుడు పోత పోసే షాపే, రిటైరయ్యాడు. కంచెకి అటూ ఇటూ నిలబడి వాళ్ళిద్దరూ మొదట మాట్లాడుకున్నది మంచు తీసే యంత్రం గురించి. తర్వాత అచ్చుల గురించి, లోహాల గురించి. అమ్మ రెండుసార్లు భోజనానికి పిలిచేదాకా మాట తెగేది కాదు.

ఆయనకి ఒక పాత టార్గెట్ రైఫిల్ ఉండేది. దానికి కావలసిన తూటాలు తనే పోసుకునేవాడు. అందుకు సీసం కావాలి. టైర్ల షాపుల్లో చక్రాలు అదరకుండా వాటికి తగిలించే చిన్న చిన్న బరువులు అప్పట్లో సీసంతోనే చేసేవాళ్ళు. ఊడదీసిన పాతవాటిని బకెట్‌లో పడేస్తే ఆయన వెళ్ళి తెచ్చుకునేవాడు. నాన్నకి తుపాకీ మీద ఏ ఆసక్తీ లేదు. ఒక్కసారి షూటింగ్ రేంజ్‌కి వెళ్ళొచ్చి చెవులు గుయ్యిమంటున్నాయని మళ్ళీ వెళ్ళలేదు. ఆయన ఆసక్తంతా కరిగే లోహం మీదే. శనివారాలు పెద్దాయన షెడ్డు ముందు ప్రొపేన్ పొయ్యి వెలిగించి ఇనప గిన్నెలో సీసం కరిగిస్తుంటే, నాన్న ఆఫీసు పని కంటే శ్రద్ధగా పక్కన నిలబడేవాడు.

నా పని ఏరడం. చేతికి గ్లోవ్స్ వేసుకుని బకెట్‌లోని బరువుల్ని మూడు కుప్పలు చేయాలి. కటింగ్ ప్లయర్‌తో నొక్కితే మెత్తగా గాటు పడేది సీసం, గాటు పడనిది జింక్, అయస్కాంతానికి అంటుకునేది ఇనుము. ఒక్క జింక్ ముక్క గిన్నెలో పడినా కరిగినదంతా గంజిలా చిక్కబడి పాడవుతుందని పెద్దాయన భయం. పొయ్యి దగ్గరికి మాత్రం నన్ను రానిచ్చేవారు కాదు. దూరం నుంచి వాసనే నా వాటా: కొవ్వొత్తి ముక్క వేసి కలిపినప్పుడు లేచే మైనం పొగ, దానికింద కాలిన రబ్బరు, అటువైపు నుంచి కోసిన గడ్డి. మడ్డి పైకి తేలాక గరిటెతో తీసేస్తే అడుగున అద్దంలా మెరిసేది. ఆ మెరుపు నాకిప్పటికీ ఇష్టం.

కరిగినదాన్ని దిమ్మలుగా పోసి దాచుకోవాలి. పెద్దాయన మఫిన్ ట్రేలలో పోసేవాడు. ఆ ట్రేలకి తగరం పూత ఉంటుంది కాబట్టి సీసం అతుక్కుపోయి, సుత్తితో కొడితే తప్ప ఊడేది కాదు. ఒకరోజు నాన్న ఇంట్లోకి వెళ్ళి కింది అరలో అడుగున పడున్న పాత అల్యూమినియం ఇడ్లీ రేకులు పట్టుకొచ్చాడు. అవి చిల్లులు లేని రకం. వాటిలో ఇడ్లీ అడుగున చెమ్మ నిలుస్తోందని అమ్మ ఎప్పుడో స్టీలువి కొనుక్కుంది. అల్యూమినియానికి సీసం అంటదని నాన్న చెప్పాడు. ముందు పొయ్యి మీద వేడి చేసి, చెమ్మంతా పోయాక పోశాడు. చల్లారాక తిరగేస్తే దిమ్మలు వాటంతటవే టపటపా రాలాయి.

నాలుగు రేకుల నిండా సీసం ఇడ్లీలు. పెద్దాయన ఒకటి చేతిలోకి తీసుకుని, పైనా కిందా చూసి, ఇవి ఒకదాని మీద ఒకటి నిలబడవు కదా అన్నాడు. మా ఇంట్లో ఇంతవరకు ఏ ఇడ్లీకీ ఆ అవసరం రాలేదన్నాడు నాన్న.

మెత్తటి సీసం వేరు, చక్రాల బరువుల నుంచి వచ్చే గట్టి సీసం వేరు. దిమ్మ అయ్యాక చూసి చెప్పలేం. అందుకని నాన్న రెండు రేకుల్లో ప్రతి గుంట అడుగునా పంచ్‌తో ఒక చిన్న గుంత కొట్టాడు, మిగతా రెండు రేకుల్లో రెండేసి. ఒక బొడిపె ఉన్న దిమ్మ గట్టిది, రెండు బొడిపెలున్నది మెత్తనిది. వేలితో తడిమితే చీకట్లో కూడా తెలుస్తుందని ఆయన గర్వం.

పెద్దాయన షెడ్డుకి చెక్క నేల. బరువుకి అది కుంగుతుంటే, మా గ్యారేజ్ కాంక్రీటు కదా, ఒక మూల పెట్టుకోండి అన్నాడు నాన్న. సీసం దాచడం అంటే మూల పడేయడం కాదని నేను అప్పుడే నేర్చుకున్నాను. మోకాలి ఎత్తు దాటి పెట్టకూడదు, జారితే పాదం పోతుంది. ఓక్ చెక్క పెట్టె పనికిరాదు, ఆ చెక్కలోంచి వచ్చే ఆవిరికి సీసం మీద తెల్లటి బూడిద పడుతుంది, ముట్టుకుంటే అది చేతికంటుతుంది. తడి తగలకూడదు, తడిసిన దిమ్మ కరిగిన సీసంలో పడితే పేలి చిమ్ముతుంది. చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, కార్ల కింద నుంచి ఆ ఉప్పునీళ్ళు కారతాయి కాబట్టి నాన్న నేల మీద చెక్క గట్టు కట్టి, దాని లోపల పైన్ చెక్క అరలు పెట్టాడు. ఇడ్లీ రేకుల్ని పైన మేకుకి తగిలించాడు.

వీటన్నిటికంటే పెద్ద నియమం పెద్దాయనది. షెడ్డులో తినకూడదు, తాగకూడదు, చేతులు కడగనిదే ఇంట్లోకి వెళ్ళకూడదు. వంటింట్లోంచి ఒకసారి బయటికొచ్చిన వస్తువు మళ్ళీ వంటింట్లోకి వెళ్ళకూడదు. ఆ మాట ఆయన నాన్నకి చెప్పాడు, నాకు చెప్పాడు, అరటిపండు కేకు ఇవ్వడానికి వచ్చినప్పుడు అమ్మకీ చెప్పాడు.

దిమ్మలతో మేం ఆటలాడింది కూడా నిజమే. ఇంటికొచ్చిన పిల్లలకి గ్లోవ్స్ తొడిగి, చెయ్యి చాపమని ఒక దిమ్మ పెట్టేవాణ్ణి. చెయ్యి కిందికి దిగిపోయేటప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి. నాన్న అయితే తన ఆఫీసు స్నేహితుడికి పేపర్ ప్లేటులో రెండు పెట్టి పచ్చడి కూడా వేసి ఇచ్చాడు. ఆ అంకుల్ స్పూనుతో ఒకసారి పొడిచి చూసి, "మా ఇంట్లోవీ ఇంతే ఉంటాయి లెండి, అలవాటే" అన్నాడు. ఆంటీ ఆ మాటకి వారం రోజులు ఆయనకి ఇడ్లీ పెట్టలేదని తర్వాత తెలిసింది.

స్కూల్ సెలవులు మొదలయ్యాక నాన్నమ్మ వచ్చింది. తణుకు నుంచి హైదరాబాద్, అక్కణ్ణించి రెండు విమానాలు. చెల్లి పుట్టాక మొదటిసారి చూడటం. దిగిన మర్నాడే పెరట్లో గోంగూర గింజలు చల్లింది, కరివేపాకు కుండీ కిటికీలోంచి తీసి ఎండలో పెట్టింది. చెల్లిని చంకనేసుకుని రోడ్డు చివరిదాకా నడిచి, ఎదురొచ్చిన ప్రతి కుక్కనీ తెలుగులో పలకరించేది. పక్కింటి పెద్దావిడతో కంచె దగ్గర గంటలకొద్దీ మాట్లాడేది. ఈవిడకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు, ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉన్నట్టు కనపడలేదు. చెల్లికి ముద్ద పెట్టే పని మాత్రం నాన్నమ్మ ఎవరికీ వదల్లేదు. అమ్మ పెడితే మూతి తిప్పేసేది, నాన్నమ్మ పెడితే నోరు తెరిచేది.

చెల్లి మొదటి పుట్టినరోజుకి తెలిసినవాళ్ళని టిఫిన్‌కి పిలిచారు. ఆ ముందురోజు మా స్టీలు రేకులు చాలవని నాన్నమ్మ లెక్కేసింది. తన కోడలికి తను ఇచ్చి పంపిన అల్యూమినియం రేకులు ఏమయ్యాయని ఎవర్నీ అడగలేదు. వెతుక్కుంది. గ్యారేజ్‌లో మేకుకి వేలాడుతూ కనపడ్డాయి.

ఆవిడకి ఏమనిపించి ఉంటుందో ఇప్పుడు ఊహించగలను. తను కొని, తను వాడి, మొదటిసారి కొడుకు కాపురానికి కట్టి పంపిన రేకులు పారలకీ రంగు డబ్బాలకీ మధ్య ఉన్నాయి. నల్లగా మసిబారి ఉన్నాయి. చింతపండూ ఉప్పూ వేసి తెల్లగా వచ్చేదాకా తోమింది.

మర్నాడు ఇంటినిండా జనం. నెయ్యి, సాంబారు, ఇడ్లీ ఆవిరి వాసన మెట్లమీద దాకా. వచ్చినవాళ్ళు తినడం మొదలుపెట్టేలోపే నాన్నమ్మ మొదటి వాయి తీసి, నేతిలో మెదిపి చెల్లికి పెట్టేసింది. పెద్దాయనా ఆయన భార్యా కూడా వచ్చారు. ఆయన ఫోర్కుతో తింటూ, చివరికి తినదగిన రకం దొరికిందని నాన్నని ఏడిపిస్తున్నాడు.

నేను సాంబారు గిన్నెలో ఇడ్లీ వేసుకున్నాను. అది బోర్లా తిరిగింది. అడుగున నున్నటి తెల్లటి పొట్టమీద పెసరగింజంత బొడిపెలు, పక్కపక్కన రెండు.

మొదట నాకు భయం వేయలేదు. తెలిసిన గుర్తు తెలియని చోట కనపడితే మనసు దాన్ని ముందు చదువుతుంది, అంతే. మెత్తని సీసం, అనుకున్నాను. తర్వాత గిన్నె పట్టుకెళ్ళి నాన్నకి చూపించాను.

నాన్న దాన్ని చూసి వంటింట్లోకి నడిచాడు. స్టవ్ మీద ఇడ్లీ పాత్ర మూత తీసి, వేడి రేకుని ఒట్టి చేత్తో బయటికి లాగాడు. రేకు సింకులో పడిన చప్పుడుకి హాల్లో మాటలు ఆగిపోయాయి.

"పాప తిందా?" అన్నాడు.

"ముందు దానికే పెట్టాను" అంది నాన్నమ్మ, నవ్వుతూ. ఆవిడ మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తోంది.

ఆ తర్వాత జరిగినవి పెద్దగా అరుపులు లేకుండానే జరిగాయి. అమ్మ చెల్లిని ఎత్తుకుని వేలితో నోరు తుడిచి, నీళ్ళతో కడిగి, మళ్ళీ తుడిచింది. నాన్న పిల్లల డాక్టరు ఆఫీసులో శనివారం ఫోన్ తీసే నర్సుతో మాట్లాడాడు. కక్కించొద్దు, కంగారు పడొద్దు, సోమవారం తీసుకొచ్చి రక్తపరీక్ష చేయించండి అంది ఆవిడ. ఏడాది నిండిన పిల్లలకి ఎలాగూ సీసం కోసం చేసే పరీక్షే అది. వచ్చినవాళ్ళు ప్లేట్లు దించి, ఏం చేయాలో తెలియక, కేకు కోయించి వెళ్ళిపోయారు. పెద్దాయన మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడి రేకులకేసి చూస్తున్నాడు. తను నాలుగు తిన్న సంగతి ఎత్తలేదు. ఆయన మొహం ఎర్రగా అయింది.

నాన్నమ్మకి ఎవరూ ఏమీ చెప్పలేదు. చివరికి నేనే చెప్పాను, రేకుల్లో సీసం పోసేవాళ్ళమని, అది విషమని.

"సీసం లోపలికెళ్తే ఏమవుద్దిరా?"

నాకు మొత్తం జాబితా తెలుసు. పెద్దాయన షెడ్డు తలుపు వెనక అతికించిన కాగితంలో చదివాను. కడుపునొప్పి, ఆకలి తగ్గడం, రక్తం తగ్గడం, చిన్నపిల్లలకైతే చదువు రాకపోవడం. కడుపునొప్పి వస్తుందని చెప్పి ఊరుకున్నాను.

ఆదివారం పొద్దున్నే పెద్దాయన చక్రాల బండి తోసుకుంటూ వచ్చాడు. నాన్నా ఆయనా ఒక్కో దిమ్మా తీసి బండిలో పెట్టారు. ఒకదాని మీద ఒకటి నిలబడక దొర్లుతూనే ఉన్నాయి. ఆ రోజు దానిమీద ఎవరూ జోకు వేయలేదు. అంతా అయ్యాక ఆయన గ్యారేజ్ తలుపు దగ్గర నిలబడిన నాన్నమ్మ దగ్గరికి వెళ్ళి, టోపీ తీసి, ఈ నియమం మీకు కూడా చెప్పి ఉండాల్సింది, తప్పు నాది అన్నాడు. నాన్న దాన్ని తెలుగులో చెప్పాడు.

నాన్నమ్మ ఆయన వైపు చూసి తల ఊపింది. తర్వాత నాన్నతో అంది: "ఆయన చెప్తే మాత్రం నాకేం తెలుస్తాది? ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించి నవ్వుకున్నారంట కదా. ఇంట్లో ఉన్నదాన్ని, నాకో ముక్క చెప్పాల్సింది నువ్వు."

నాన్న పెద్దాయనకి ఆ మాట తర్జుమా చేయలేదు.

సోమవారం చెల్లి చేతి నరంలోంచి రక్తం తీశారు. ఫలితం ల్యాబ్ నుంచి రావాలి. ఆ ఎదురుచూసిన రోజుల్లో నాన్నమ్మ చెల్లిని ముట్టుకోలేదు. పెరటి అద్దం తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. చెల్లి పాకుతూ వచ్చి చీర కుచ్చిళ్ళు పట్టుకుంటే, "అమ్మాయ్, పిల్లని తీసుకెళ్ళు" అనేది. చెల్లి ఏడిస్తే లేచి నిలబడేది. కడుపు పట్టుకుంటోందా అని దూరం నుంచే అడిగేది. చెల్లికి ఇవేమీ తెలియవు. అమ్మ పెట్టింది ఉమ్మేసి, నాన్నమ్మ వైపు చేతులు చాపి ఇంకా గట్టిగా ఏడ్చేది. ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరితో ఒకరు నా ద్వారా మాట్లాడుకునేవాళ్ళు. నాన్నని భోజనానికి రమ్మను, అమ్మకి చెప్పు నేను తర్వాత తింటానని. పరీక్షలో ఏ అంకె వస్తే ఏమిటని నేను లైబ్రరీలో వెతికాను. ఏ అంకె అయినా మంచిది కాదని రాసి ఉంది. ఆ పుస్తకం ఇంటికి తేలేదు.

నర్సు ఫోన్ చేసినప్పుడు అమ్మ ఇంట్లో ఉంది. స్పీకర్ పెట్టింది. అంకె చాలా తక్కువగా ఉంది, ఈ ఊళ్ళో చాలామంది పిల్లలకి ఉండేంతే, కొన్ని నెలల తర్వాత ఇంకోసారి చూద్దాం అంది నర్సు. రుద్ది తోమడం, ఒక్కసారే పెట్టడం కలిసొచ్చాయని తర్వాత డాక్టరు అన్నాడు. రెండోసారి కూడా అంతే వచ్చింది.

నర్సు మాటలు నాన్నమ్మకి అర్థం కాలేదు. అమ్మ మొహం చూసి అర్థం చేసుకుంది. అయినా కుర్చీలోంచి లేవలేదు.

ఆ సాయంత్రం నాన్న రేకుల్ని రీసైక్లింగ్ డబ్బాలో వేయబోతే నాన్నమ్మే ఆపింది. "ఎవరో ఏరుకుని కడుక్కుని వండుకుంటే?" నాన్న డ్రిల్ తెచ్చి ప్రతి గుంటకీ వేలు దూరేంత చిల్లు పెట్టాడు. కదలకుండా ఆవిడే పట్టుకుంది. తన రేకులకి చిల్లులు పడుతుంటే ఆవిడ అటూ ఇటూ చూడలేదు.

మర్నాడు పొద్దున అమ్మ స్టీలు రేకుల్లో ఇడ్లీ వేసింది. పుట్టినరోజు తర్వాత ఇంట్లో మళ్ళీ ఇడ్లీ వేయడం అదే మొదటిసారి. ఒకటి గిన్నెలో పెట్టి, నెయ్యి వేసి, చెల్లిని ఎత్తుకుని అద్దం తలుపు దగ్గరికి వెళ్ళింది.

"మీరే పెట్టండి అత్తయ్యా. నా చేత్తో తినట్లేదు."

నాన్నమ్మ గిన్నె అందుకోలేదు. అమ్మ చెల్లిని ఆవిడ ఒళ్ళో దింపేసి, గిన్నె చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వంటింట్లోకి వచ్చేసింది. వచ్చి నా పక్కన సింకు దగ్గర నిలబడి, కుళాయి తిప్పకుండా చేతులు కడుక్కుంటున్నట్టు రుద్దుకుంది.

అక్కణ్ణించి నాకు అంతా కనిపిస్తోంది. నాన్నమ్మ ఇడ్లీని రెండు వేళ్ళతో ఎత్తి తిరగేసింది. అడుగంతా బొటనవేలితో తడిమింది. తను చూసుకున్నాక చెల్లి కళ్ళ ముందు పెట్టి చూపించింది.

"చూడమ్మా. ఏం లేదు. నున్నగా ఉంది." అప్పుడు తుంచి నోట్లో పెట్టింది.

ఇండియా వెళ్ళేదాకా ప్రతి ఇడ్లీకీ అదే తంతు. తిరగెయ్యడం, తడమడం, చూపించడం, ఆ రెండు మాటలు, తర్వాత ముద్ద. చెల్లి దాన్ని తినడంలో ఒక భాగం అనుకుంది. చూపించకుండా పెడితే నోరు తెరిచేది కాదు. ఆవిడ వెళ్ళిపోయాక అమ్మ చూపించాల్సి వచ్చింది, తర్వాత నాన్న, నేను. అలా మాకందరికీ చేయి అలవాటైంది.

ఆ ఇల్లు ఇప్పుడు మాది కాదు. పెద్దాయన లేడు, ఆయన షెడ్డు ఉన్న చోట ఎవరో బాస్కెట్‌బాల్ హూప్ పెట్టారు. మొన్న టైరు మార్పించినప్పుడు నేను అడిగి చూశాను, చక్రాల బరువులు ఇప్పుడు ఇనుమువేనట. నాన్నమ్మ పోయి చాలా ఏళ్ళయింది. చెల్లికి ఆవిడ ఫొటోలోనే తెలుసు.

నిన్న చెల్లికి తిరిగి ఫోన్ చేశాను. ఇదంతా రాశాను, చదువుకో, కానీ నువ్వడిగిన దానికి చిన్న జవాబు కూడా ఉంది అన్నాను.

"ఏంటది?"

"నీకు ఇడ్లీ తినడం నాన్నమ్మ నేర్పింది."

"తను అలాగే తినేదా?" అని అడిగింది.

"కాదు. నీకు అలా పెట్టేది."